అరకు దిగాక ఏ ఒడ్డు?

విహారయాత్ర అనగానే మనవాళ్ళు బయల్దేరే రోజు గురించి ఆలోచిస్తారు, చూడవలసిన చోట్లు రాసుకుంటారు, భోజనాల సంగతి గంటల తరబడి చర్చిస్తారు. చివరి రోజు ఎక్కడ గడపాలన్నది మాత్రం ఎవరికీ పట్టదు. "ఆఖర్న బీచికి పోదాం లెండి" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. కాని ఒళ్ళు అలిసిపోయేదీ, డబ్బులు అయిపోయేదీ, జాగ్రత్త సన్నగిల్లేదీ ఆ చివరి రోజే. మొన్న జనవరిలో మా ఫైనలియర్ బి.ఎస్సీ. వాళ్ళం అరకు యాత్ర చేసినప్పుడు ఆ రోజును నిర్ణయించే భారం నా నెత్తిన పడింది. నేను తెలుసుకున్నది మన జూనియర్లకు పనికొస్తుందని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

నా నెత్తినే ఎందుకు పడిందంటే, క్లాసులో ఆ వైపు వాణ్ణి నేనొక్కణ్ణే. మాది విజయనగరం జిల్లాలో, తాటిపూడి జలాశయం ఆయకట్టు కింద ఒక చిన్న పల్లె. మిగతావాళ్ళు నల్గొండ, మహబూబ్‌నగర్, వరంగల్ వైపు వాళ్ళు. మొత్తం 38 మందిమి; అందులో సగానికి పైగా అంతవరకూ సముద్రం చూడనివాళ్ళే. "మీ దిక్కే గద భాయ్, నువ్వే చెప్పాలె" అన్నాడు మా నల్గొండ మిత్రుడు. సరేనన్నాను గాని, లోపల గుబులుగానే ఉంది. నాకు వచ్చింది చెరువు ఈత. సముద్రాన్ని నేను చూసింది కూడా నాలుగైదు సార్లే.

ఇంకో సంగతీ ఉంది. యాత్రకు డబ్బు అడిగితే మా నాన్న యూరియా కోసం దాచినదాంట్లోంచి తీసి ఇచ్చాడు, మారు మాట్లాడలేదు. మా అమ్మ మాత్రం, "మోకాలు తడిసే దాకానే. అంతకుమించి దిగనని చెప్పు" అని మాట తీసుకుంది. మా పక్క ఊరి కుర్రాడొకడు స్నేహితులతో పిక్నిక్‌కని సముద్రానికి వెళ్ళి తిరిగి రాలేదు. వాళ్ళింటికి వెళ్ళి వచ్చిన రోజు మా అమ్మ అన్నం ముట్టలేదు. ఆ మాట నా ఒక్కడికే చెప్పింది గాని, నాకు 38 మందికీ చెప్పినట్టే అనిపించింది.

మా ప్రయాణం ఇదీ. విశాఖపట్నంలో పొద్దున్నే కిరండూల్ పాసింజరు ఎక్కాం. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని రేవుకు చేర్చడానికి 1960 దశకంలో వేసిన లైను అది. సొరంగం తరువాత సొరంగం దాటుతూ కొండ ఎక్కుతుంది. బొర్రా గుహలు చూసి, అరకులో రెండు రాత్రులు ఉన్నాం. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తు. కిలోమీటరు ఎత్తుకు సగటున ఆరున్నర డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుంది కనుక, కింద కంటే అక్కడ ఆరు డిగ్రీలు తక్కువన్నమాట. జనవరి పొగమంచులో దుప్పట్లు చాలక వణికాం. కాఫీ తోటల్లో తిరిగాం, థింసా చూశాం, చాపరాయి మీద జారిపడ్డాం. చివరి రోజు పొద్దున్నే బస్సులో దిగితే, రాత్రి రైలు దాకా ఖాళీ. ఆ ఖాళీని నింపడమే నా పని.

నా ముందు నాలుగు ఒడ్డులున్నాయి.

మొదటిది ఆర్.కె. బీచ్. ఊళ్ళోనే ఉంది, స్టేషనుకు దగ్గర. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసిన కుర్సురా జలాంతర్గామి అక్కడే మ్యూజియమై ఉంది. తిండికి లోటు లేదు. కాని జనం ఎక్కువ, కెరటం ఉద్ధృతం. చూడ్డానికి బాగుంటుంది, విశ్రాంతికి కాదు.

రెండవది ఋషికొండ. 2020లో మన దేశంలో మొట్టమొదట బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన ఎనిమిది బీచ్‌లలో అదొకటి. కాపలా ఉండే ఈతగాళ్ళు, స్నానాల గదులు ఆ గుర్తింపుకు కావలసిన హంగులు. స్నానమే ముఖ్యమైతే ఎంచుకోవలసింది అలాంటి చోటు.

మూడవది యారాడ. డాల్ఫిన్ నోస్ కొండకు అవతల, మూడు వైపులా కొండలు, ఒక వైపు సముద్రం. నలుగురు మిత్రులు వెళ్ళడానికి చక్కని చోటు. 38 మందిని తీసుకుని కొండ దారిన పోయి, రైలు వేళకు తిరిగి రావాలంటే మాత్రం మనసు ఒడ్డు మీద ఉండదు, గడియారం మీద ఉంటుంది.

నాలుగవది భీమునిపట్నం, అదే మన భీమిలి. విశాఖకు ఉత్తరాన ముప్ఫై కిలోమీటర్ల లోపే. ఒకప్పుడు డచ్చివాళ్ళ వర్తక స్థావరం. వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు. దీపస్తంభం, పాత భవనాలు, పడవలు, వలలు. హడావుడి తక్కువ.

ఎంచుకోవడానికి నాలుగు ప్రశ్నలు వేసుకున్నాను. ఒకటి, రైలుకు రెండు గంటల ముందే స్టేషను చేరగలమా? రెండు, నీళ్ళలో దిగనివాళ్ళు అక్కడ ఏం చేస్తారు? మా క్లాసులో 15 మంది అమ్మాయిలు. వాళ్ళకు మరుగుదొడ్డి, కూర్చోడానికి నీడ లేని చోట విశ్రాంతి అన్న మాటకే అర్థం లేదు. మూడు, ఎవరైనా కొట్టుకుపోతే పట్టుకునేవాళ్ళు ఉన్నారా? నాలుగు, చూసి వచ్చిన యాత్రకూ ఆ ఒడ్డుకూ ఏమైనా పొత్తు ఉందా?

ఈ నాలుగో ప్రశ్నే నన్ను భీమిలికి తీసుకుపోయింది. బొర్రా గుహల దగ్గర పారే ఏరు గోస్తనీ నది. అనంతగిరి కొండల్లో పుడుతుంది. వాన నీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని పలుచని ఆమ్లమై, సున్నపురాయిని కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. గుహలు తొలిచింది ఆ నీరే. ఆ నదికే తాటిపూడి దగ్గర అడ్డుకట్ట వేశారు. విశాఖ నగరానికి తాగునీరూ, మా పొలాలకు కాలువ నీరూ అక్కడినుంచే. మిగిలింది భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అంటే, కొండ మీద పుట్టుక చూసిన నదికి చివర కూడా చూసి ఇంటికి పోవచ్చు. ఈ మాట చెప్పగానే మా మాస్టారు, "మరింకేం, అదే ఖాయం చెయ్యి" అన్నారు. ఒక షరతు పెట్టుకున్నాం: భీమిలి కూర్చోడానికి, స్నానానికి కాదు. మోకాలి లోతు దాటకూడదు.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. మిట్టమధ్యాహ్నం వేళకు చేర్చాను. నీటికి వేడెక్కడానికి ఇసుక కంటే అయిదింతల వేడి కావాలి. అందుకే నీళ్ళు చల్లగా ఉన్నప్పుడు ఇసుక పెనంలా కాలుతుంది. చెప్పులు విప్పినవాళ్ళందరూ గంతులు వేశారు. నేల వేడెక్కి పైగాలి లేచిన కొద్దీ సముద్రపు గాలి ఒడ్డుకు బలంగా వీస్తుంది. మూడున్నర దాటాకే మాకు హాయి అనిపించింది. కనుక పొద్దున ఊరు చూసి, సాయంత్రానికి ఒడ్డు చేరాలి.

అప్పుడే జరిగింది అసలు సంగతి. కెరటాలు తెల్లగా విరుగుతున్న ఒడ్డులో ఒకచోట మాత్రం నురగ లేకుండా, పది పన్నెండు గజాల మేర నీరు నిమ్మళంగా ఉంది. మా నల్గొండ మిత్రుడు, "గీడ మంచిగుంది, అలలే లేవు" అంటూ అటు నడిచాడు. వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఒకాయన లేచి కేకేశాడు: "బాబూ, అటు దిగకండి! అక్కడ నీరు లాగేస్తాది!" తరువాత ఒక ఖాళీ కొబ్బరి బొండాం తీసి అక్కడ విసిరాడు. కెరటాల్లో వేసింది ఒడ్డుకు తిరిగి రావాలి గదా! అది తిన్నగా సముద్రంలోకి పోయింది. చూస్తుండగానే చుక్కంత అయింది. మా వాడు ఇసుకలో కూలబడ్డాడు.

నాకు మా పొలం గట్టు గుర్తొచ్చింది. మడి నిండా నీరుండి ఒకచోట మడవ తీస్తే నీరంతా అక్కడికే పరుగెత్తుతుంది. సముద్రంలోనూ అంతే. కెరటాలు ఒడ్డుకు నీటిని తోస్తూ ఉంటాయి. ఆ నీరు తిరిగి పోవాలి. ఒడ్డుకు కాస్త ఎడంగా నీళ్ళ కింద ఇసుక మేట గట్టులా ఉంటుంది. దానికి ఎక్కడ గండి ఉంటే అక్కడినుంచి నీరంతా లోపలికి తోసుకుపోతుంది. దీన్నే రిప్ కరెంట్ అంటారు. గండి లోతుగా ఉంటుంది కనుక అక్కడ కెరటం విరగదు, నురగ కనిపించదు. నిమ్మళంగా కనిపించిన చోటే ప్రమాదం! ఉద్ధృతంగా ఉన్న రోజు అది సెకనుకు రెండు మీటర్లు దాటుతుంది. గజ ఈతగాడు కూడా ఎదురు ఈదలేడు.

అది మనిషిని కిందికి లాగదు, దూరానికి లాగుతుంది. ఒడ్డు వైపే ఎదురీది అలిసిపోవడం వల్లనే ప్రాణాలు పోతాయి. చిక్కుకుంటే కంగారు పడకుండా తేలుతూ, చెయ్యెత్తి కేకలు వెయ్యాలి. ఈత వస్తే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక కెరటాలతో పాటు ఏటవాలుగా రావాలి. ఒడ్డున ఉన్నవాళ్ళు వెనకాలే దూకకూడదు. మూత బిగించిన ఖాళీ నీళ్ళ క్యాను, తాడు విసరాలి. తెలిసిన జాలరిని పిలవాలి. నది మొగ దగ్గరైతే పోటు తీసేవేళ నది నీరూ, సముద్రపు నీరూ కలిసి బయటికి పోతాయి. అక్కడ అసలు దిగరాదు.

సాయంత్రం గోస్తనీ మొగ దగ్గర అందరం కూర్చున్నాం. ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. మహబూబ్‌నగర్ అమ్మాయి ఒకామె గవ్వ ఏరి, "ఇది దేంతో అయితది?" అని అడిగింది. కాల్షియం కార్బొనేటే, బొర్రాలో చూసిన సున్నపురాయే అన్నాను. కొండ మీద కరిగిన సున్నం నదితో వచ్చి సముద్రంలో కలుస్తుంది. నత్తలూ ఆల్చిప్పలూ దాన్ని తీసుకుని గుల్ల కట్టుకుంటాయి. ఆమె చేతిలోని గవ్వలో బొర్రా రవ్వ ఒక్కటైనా లేదని ఎవరనగలరు?

ఇంటికి ఫోను చేస్తే మా అమ్మ అడిగింది ఒకటే: "మోకాలు దాటావా?" లేదన్నాను. "మిగతా పిల్లలు?" అంది. వాళ్ళూ దాటలేదన్నాను. జూనియర్లకు నేను చెప్పేదీ అదే. చివరి మజిలీని అందం చూసి ఎంచుకోకండి. 38 మంది వెళితే 38 మందీ రైలెక్కే చోటు చూసుకోండి. అందం దాని వెంట అదే వస్తుంది.