అరుదుగా వాడు ఫోనునకు చవుకయైన సిమ్ము

మన విద్యార్థుల యిండ్లలో ననేకముగా రెండు ఫోనులున్నవి. ఒకటి స్మార్టుఫోను, అది యెల్లప్పుడు చేతులు మారుచుండును. రెండవది బటన్ల ఫోను. అది అవ్వయొద్దనో, తాతగారి చొక్కా జేబులోనో, లేక బీరువాలోనో యుండును. వారమున కొక్క మాటయైన దానిలో వినబడదు. అయినను బ్యాంకులోను, ఆధారునందును, వంటగ్యాసు పుస్తకమునందును, తుదకు మన పాఠశాల రిజిస్టరునందును వ్రాయబడియున్న సంఖ్య యదియే. ఉపకారవేతనము పడినదను వార్తయు, బ్యాంకువారి ఓ.టి.పి.యు దానికే వచ్చును. ఇట్టి ఫోనునకు సంవత్సరమునకు ఎంత ఖర్చు పెట్టవలెను, ఏ సిమ్ము చాలును అని తల్లిదండ్రులు పలుమారు మమ్మడుగుచున్నారు గనుక, దానిని గూర్చి యీ సంచికయందు వ్రాయ తలంచితిమి.

మాటలాడినంతకే వెల చెల్లించుట న్యాయమని యెల్లరకు తోచును. సంతలో పావుకిలో చింతపండు కొన్నవాడు బుట్టెడు చింతపండునకు వెల యియ్యడు గదా. ఒకప్పుడు సెల్‌ఫోనులందు నిట్టి పద్ధతియే యుండెను. మన దేశమున మొదటి సెల్‌ఫోను సంభాషణ 1995వ సంవత్సరము జూలై 31వ తేదీన కలకత్తాలోని ముఖ్యమంత్రి జ్యోతి బసుగారికిని, ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రాముగారికిని మధ్య జరిగెను. ఆ దినములలో ఫోను చేసినవాడే గాక, ఎత్తినవాడును రుసుము చెల్లించవలసి యుండెను. 2003వ సంవత్సరము మే మాసము నుండి వచ్చు ఫోనులు ఉచితమయ్యెను. 2005వ సంవత్సరాంతమున కంపెనీలు వేయి రూపాయలకు లోపుగా జీవితకాలపు సిమ్ములను సహా అమ్మజూపెను. పేదవాడు పది రూపాయల టాక్‌టైము వేయించుకొని, అది తరుగకుండ నెలల కొలది వచ్చు ఫోనులను మాత్రమే యెత్తుచు కాలము గడుపగలిగెను.

ఆ సౌఖ్యము పోవుటకు కారణమేమో తెలిసికొనుట మంచిది. ఒక కంపెనీ సిమ్మునుండి వేరొక కంపెనీ సిమ్మునకు ఫోను చేసినప్పుడు, చేసినవాని కంపెనీ అందుకొన్నవాని కంపెనీకి నిమిషమునకు కొన్ని పైసలు చెల్లించుచుండెను. కాబట్టి ఎన్నడును ఫోను చేయక, వచ్చినవాని నెత్తుకొనువాడు సహితము తన కంపెనీకి ఆదాయము తెచ్చువాడే. ఈ రుసుము 14 పైసలుగా నుండి, 2017వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన 6 పైసలకు తగ్గెను. 2021వ సంవత్సరము జనవరి 1వ తేదీన పూర్తిగా తీసివేయబడెను. మఱియు 2016లో జియో కంపెనీ ప్రవేశించి మాటలకు వేరుగ వెల లేకుండ జేసినది. అప్పటినుండి ఫోనెత్తువాని వలన కంపెనీకి లాభము లేదు. వానిని వదలుకొనుటకైనను, వానియొద్ద నెల నెల సొమ్ము తీసికొనుటకైనను అది సిద్ధపడెను. 2018వ సంవత్సరాంతమున ఎయిర్‌టెల్, వోడాఫోన్ ఐడియా కంపెనీలు 28 దినములకు 35 రూపాయల కనిష్ఠ రీఛార్జిని ప్రవేశపెట్టెను. ఎయిర్‌టెల్ వారి యీ కనిష్ఠ వెల 2023వ సంవత్సరారంభమున మన ఆంధ్ర సర్కిలునందు 155 రూపాయలును, 2024 జూలైలో 199 రూపాయలును అయ్యెను. తెలంగాణమును ఈ సర్కిలులోనిదే.

ఇచ్చట రెండు సంగతులను వేరుపరచి గ్రహింపవలెను. సంఖ్య బ్రదికియుండుట యొకటి. సేవ నడచుచుండుట మఱియొకటి. టెలికాం నియంత్రణ సంస్థయగు ట్రాయి 2013లో చేసిన నిబంధన ప్రకారము, ప్రీపెయిడ్ సిమ్మును 90 దినములైనను వాడకయున్నగాని మూసివేయరాదు. ఆ తరువాతను బ్యాలెన్సులో 20 రూపాయలున్నచో, దానిలోనుండి రుసుము తీసికొని సంఖ్యను నిలుపవలెను. మూతపడినదానిని తిరిగి పొందుటకు 15 దినముల గడువు గలదు. 2025 జనవరిలో ఈ పాత నిబంధననే క్రొత్తదని కొందరు ప్రకటించిరి. 20 రూపాయలు వేసికొన్న చాలునని నమ్మినవారు పెక్కండ్రు. అది సంఖ్యను గూర్చిన నిబంధనయే గాని సేవను గూర్చినది కాదు. ప్లాను గడువు తీరినవెనుక మొదట పోవు ఫోనులును, కొంతకాలమునకు వచ్చునవియు నిలిచిపోవును. ఓ.టి.పి. రాని సంఖ్య బ్రదికియుండి యేమి ప్రయోజనము?

ఇప్పుడు వెలల సంగతి. 2024 డిసెంబరులో ట్రాయి, ఇంటర్నెట్టు అక్కరలేనివారికి మాటలును సందేశములును మాత్రమే గల ప్లానులను అమ్మవలెనని కంపెనీలను ఆజ్ఞాపించి, ప్రత్యేక వోచరుల గడువును 90 నుండి 365 దినముల వరకు పెంచుకొనుటకు సెలవిచ్చెను. అందుచేత 2025 జనవరిలో ఎయిర్‌టెల్ వారు 84 దినములకు 469 రూపాయలును, 365 దినములకు 1849 రూపాయలును. జియోవారు 84 దినములకు 448 రూపాయలును, 336 దినములకు 1748 రూపాయలును నిర్ణయించిరి. వెలలు మారుచుండును గనుక కొనునాటి వెలను దుకాణమున విచారింపవలెను. లెక్కించు విధము మాత్రము మారదు.

లెక్కల తరగతి పిల్లలు పలక తీసికొని చూడుడు. 199 రూపాయలను 28 దినములకు పంచినచో దినమునకు 7 రూపాయల 11 పైసలు. 469 రూపాయల ప్లాను దినమునకు 5 రూపాయల 58 పైసలు. 448 రూపాయలది 5 రూపాయల 33 పైసలు. 1748 రూపాయలది 1849 రూపాయలదానికంటె నూటొక్క రూపాయ తక్కువగదాయని తొందరపడకుడు. మొదటిదానికి దినమునకు 5 రూపాయల 20 పైసలు, రెండవదానికి 5 రూపాయల 7 పైసలు. 336 దినములు పండ్రెండు నెలలు కావు. 28 దినములును నెల కాదు. నెల నెల రీఛార్జి చేయించుచున్నామని తలంచువాడు సంవత్సరమునకు పండ్రెండుమారులు గాక పదుమూడుమారులు సొమ్మిచ్చును. ఈ చిక్కు వలననే 30 దినముల ప్లాను నొకదానినైనను ప్రతి కంపెనీయు ఉంచవలెనని ట్రాయి 2022లో ఆజ్ఞాపించెను.

పదుమూడుమారులు 199 రూపాయలు చెల్లించినవాని ఖర్చు 2587 రూపాయలు. ఒక్కసారి 1849 రూపాయలు చెల్లించినవానికి 738 రూపాయలు మిగులును. మొదటివానికి కొంత ఇంటర్నెట్టు వచ్చునన్నమాట నిజమే; గాని బటన్ల ఫోనులో దానితో పని యేమి? ఇందులో మాకు కష్టముగా తోచు సంగతి యొకటి గలదు. ఒక్కసారి 1849 రూపాయలు చేతిలో లేనివాడే 2587 రూపాయలు చెల్లించుచున్నాడు. కూలిదినము కూలిదినముగా బ్రదుకు కుటుంబమే యెక్కువ వెల యిచ్చుచున్నది. నెలకు 155 రూపాయల చొప్పున డబ్బాలో వేసికొనినచో రాబోవు సంవత్సరపు రీఛార్జి సమకూడును. మొదటి సంవత్సరము మాత్రము కష్టము. పిల్లలలో నెవరికైన వేసవి సెలవులలో కూలి దొరకినచో అవ్వ ఫోనునకు మొదట వేయించుట మంచిది.

ప్రభుత్వ సంస్థయైన బి.ఎస్.ఎన్.ఎల్. వారు 2024 జూలైలో తక్కిన కంపెనీలు వెలలు పెంచినప్పుడు పెంచలేదు. చవుక ప్లానులు వెదకువారు మొదట వారియొద్ద విచారించుట యుక్తము. అయితే సిగ్నలు లేని యింట చవుకయైన సిమ్ము అచ్చముగా నూనెలేని దీపమే. పొరుగువాని ఆ కంపెనీ ఫోనును మీ యింటిలోపలికి, అవ్వ పండుకొను గదిలోనికి తెప్పించి చూడుడు. ఫోనును కూడ చూడవలెను. జియోవారికి 2జి లేదు గనుక పాత బటన్ల ఫోనులో వారి సిమ్ము పలుకదు. 4జి గల బటన్ల ఫోనులు వేరుగ దొరకును. కంపెనీ మార్చినను సంఖ్యను మార్చనక్కరలేదు. 90 దినములు ఒక కంపెనీలో నున్న సంఖ్యను మఱియొక కంపెనీకి పోర్టు చేయించుకొనవచ్చును. ఈ సౌకర్యము 2011 జనవరి నుండి దేశమంతట గలదు. ఫోనే పాడైపోయినచో క్రొత్తది కొననక్కరలేదు. కుమారుని ఫోనులో రెండవ సిమ్ము గదియున్నచో దానిలో వేసి, నెలకొకమారు దానినుండి ఫోను చేసిన చాలును.

సంఖ్య పోయినచో జరుగునదేమి? మూతపడిన సంఖ్యను 90 దినములవరకు ఇతరులకు కేటాయింపరు. ఆ తరువాత అది యెవనికైనను పోవచ్చును. 2023 నవంబరులో ఈ సంగతి సుప్రీంకోర్టులో విచారణకు వచ్చెను. పాత సంఖ్యతో చేరియున్న సమాచారము క్రొత్తవాని చేతబడకుండ జాగ్రత్తపడుట పాత చందాదారుని పనియే యని తేలెను. వాట్సాప్ వారైతే, 45 దినములు వాడబడక యున్న సంఖ్య క్రొత్త ఫోనులో తెరువబడినచో పాత సమాచారమును తీసివేయుదురు. బ్యాంకు అట్లు తనంతట తాను చేయదు. మనము మార్పించని యెడల మన ఓ.టి.పి. ముక్కు మొగము తెలియనివాని ఫోనులో మ్రోగును.

తన పేరట సిమ్ములెన్ని యున్నవో తెలిసికొను ప్రభుత్వపు సౌకర్యము 2021 ఏప్రిలులో మొట్టమొదట మన రెండు తెలుగు రాష్ట్రములలోనే ప్రారంభమయ్యెను; ఇప్పుడు సంచార్ సాథీ యందు దేశమంతటికిని కలదు. ఒకని పేరట తొమ్మిదికి మించి యుండరాదు. దుకాణమువాడు వ్రేలిముద్ర సరిగా పడలేదని రెండవమారు వేయించినచో, ఇంటికి వచ్చి దానిలో చూచుకొనుడు. ఎరుగని సంఖ్య కనబడినచో అక్కడనే ఫిర్యాదు చేయవచ్చును. పెద్దలకు చేతకానిచో పై తరగతుల పిల్లలు ఐదు నిమిషములలో చేసి చూపగలరు.

జూన్ మాసమున పాఠశాల రిజిస్టరు తిరిగి వ్రాయబడును. సంఖ్య మార్చినవారును, సేవ నిలిచిన సంఖ్య నిచ్చియున్నవారును, గుమాస్తాగారికి ముందుగా చీటీ వ్రాసి పంపవలెను.