దున్నదూడల మంద పోషణము

పాడికై గేదెలను పెంచు గ్రామములలో పెయ్యదూడ పుట్టినయింట సంతోషమును, దున్నదూడ పుట్టినయింట నిరుత్సాహమును కలుగుట సాధారణము. పెయ్య రేపటి పాడి యగును. దున్నదూడకన్ననో, పొలములకు ట్రాక్టరు వచ్చిన పిదప పని తగ్గిపోయినది. అందుచే పెక్కుచోట్ల దూడకు చాలినన్ని పాలు విడువక పితికికొని, దానిని దాని యదృష్టమునకు వదలుదురు. ఇట్లు వదలబడిన దూడలలో అనేకములు మూడుమాసములు నిండకమునుపే చచ్చును. దూడ చచ్చిన గేదె సులభముగా చేపదు. పాలు మిగిలించుకొనవలెనని చేసిన పనివలన తుదకు పాలే తగ్గును.

ఆ దూడనే రెండేండ్లు శ్రద్ధగా మేపినచో మాంసమునకై మంచి వెలకు అమ్ముడగును. మనదేశమునుండి విదేశములకు పోవు మాంసములో గేదెజాతి మాంసమే ప్రధానమైనది. పది యిరువది దున్నదూడలను చేర్చి మందగా పెంచు రైతు లాభము పొందవచ్చును. కాని మంద నష్టపడుట యెల్లప్పుడును గొప్ప ఉపద్రవముచేతనే కాదు. దినదినము కంటబడియు గమనింపబడని చిన్నలోపములచేతనే తరచుగా మంద క్షీణించును. ఆ లోపములును, వాని నివారణమును ఈ క్రింద వివరింపబడినవి.

1. మొదటి దినము

దూడ పుట్టిన గంట రెండుగంటలలోపల జున్నుపాలు త్రాగవలెను. మావి పడువరకు జున్నుపాలు ఈయరాదను నమ్మకము కొన్నియెడల కలదు. ఇది మిక్కిలి హానికరము. తల్లి రక్తములోని రోగనిరోధక శక్తి దూడకు గర్భమునందు రాదు. జున్నుపాల మూలముననే వచ్చును. కాలము గడచినకొలది ఆ శక్తిని గ్రహించు గుణము దూడ ప్రేగులకు తగ్గిపోవును. ముప్పది కిలోల దూడకు మొదటి దినమున దాని బరువులో పదియవవంతు, అనగా మూడుకిలోల జున్నుపాలు రెండు మూడు తడవలుగా త్రాగింపవలెను. బొడ్డును శుభ్రమైన కత్తెరతో కత్తిరించి, టించరు అయొడిను అద్దవలెను. పేడ, బూడిద పూయరాదు. బొడ్డు చీముపట్టిన దూడ కీళ్లు వాచి కుంటిదగును.

2. ఏలికపాములు

గేదెదూడలకు ఏలికపాములు ప్రబల శత్రువులు. వీని పిల్లపురుగులు తల్లి శరీరమున దాగియుండి, ఈనిన పిదప పాలద్వారా దూడ కడుపున చేరును. కావున శుభ్రమైన కొట్టమున పెరిగిన దూడకును ఇవి తప్పవు. పొట్ట ఉబ్బుట, వెండ్రుకలు గరుకెక్కుట, బంకమట్టి రంగుగల దుర్వాసనతో కూడిన పారుడు—ఇవి గుర్తులు. ఈ గుర్తులు కనబడువరకు వేచియుండరాదు. పుట్టిన పదియవ దినముననే పశువైద్యుని సలహాపై పైపరజీను మందు త్రాగించి, పిదప ఆరుమాసములవరకు ఆయన చెప్పిన క్రమమున మందు ఇప్పించుచుండవలెను. ఈ స్వల్పవ్యయముచే దక్కు దూడలు అనేకములు.

3. మేత

నెమరువేయుట నేర్చిన దూడకు వట్టి వరిగడ్డి మాత్రమే వేసినచో కడుపు నిండునుగాని ఒడలు పెరుగదు. పచ్చిమేతయు, పప్పుజాతి మేతయు, కొంత తవుడును, తెలకపిండి గాని వేరుశనగచెక్క గాని, ఉప్పును కలిసినపుడే పెరుగుదల కలుగును. మంచిమేతపై ఎదుగు దున్నదూడ దినమునకు సుమారు 400 మొదలు 500 గ్రాములవరకు బరువు పెరుగును.

వరిగడ్డిని యూరియాతో మాగవేసినచో దాని బలము హెచ్చును. నూరుకిలోల గడ్డికి నాలుగుకిలోల యూరియాను ఏబదిలీటర్ల నీటిలో పూర్తిగా కరగించి, పొరలుపొరలుగా చల్లి, త్రొక్కి, గాలి చొరకుండ కప్పి, మూడువారములు ఉంచవలెను. తీసిన గడ్డిని కొంతసేపు ఆరబెట్టి వేయవలెను. ఆరుమాసములకు లోబడిన దూడలకు ఇది పనికిరాదు. యూరియా కలిపిన నీటిని పశువు త్రాగినచో ప్రాణాపాయము. కావున ఆ తొట్టిని వెంటనే కడిగివేయవలెను.

జొన్ననాము విషయమున మందకాపరి మెలకువగానుండవలెను. వానలు వెనుదీసి వాడిన లేతజొన్నయందును, కోతయైన పిదప మోళ్లనుండి లేచిన పిలకలయందును విషము చేరియుండును. ఆకలిగొన్న పశువు దానిపై పడి మేసినచో నిమిషములలో ఊపిరాడక పడిపోవును. అట్టి చేలప్రక్కగా మందను తోలునపుడు ముందుగా ఇంటివద్ద ఎండుమేత వేసి తోలుట మేలు. నాము తగిలినచో నాటుమందులతో కాలము గడుపక, తక్షణమే పశువైద్యుని పిలువవలెను. దీనికి విరుగుడుమందు కలదుగాని, అది సకాలమున సూదిద్వారా ఇచ్చినపుడే ఫలించును.

4. ఎండయు, నీరును

గేదెజాతి చర్మము నల్లనిది, చెమటగ్రంథులు తక్కువ. అందుచే వేసవి ఎండకు ఆవుదూడకంటె దున్నదూడ త్వరగా సొమ్మసిల్లును. వేసవిలో ఉదయము, సాయంకాలము మాత్రమే మేపి, మధ్యాహ్నము నీడన కట్టి, ఒంటిపై నీళ్లు చల్లవలెను. నీటికుంటలో పొరలనిచ్చుట వానికి సుఖకరము.

అయితే నీరే కొన్నియెడల రోగకారణమగును. చెరువు వెనుకతట్టు జాలుపడిన నేలలందును, నత్తలు నిండిన కుంటలయొద్దను మేసిన పశువులకు జలగవ్యాధి తగులును. నత్తలనుండి వెలువడిన పురుగులు గడ్డికి అంటుకొని, పశువు కడుపున చేరి, కార్జమును చెరచును. అట్టి పశువు క్రమముగా చిక్కి, దవడక్రింద నీరుదిగి సంచివలె వ్రేలాడును. ఇది కనబడునప్పటికి సగము నష్టము జరిగియే యుండును. కావున అట్టి తావులలో మేపుట మానుటయు, త్రాగునీటిని తొట్టిలో పోయుటయు, వానలకు ముందును తరువాతను మందు త్రాగించుటయు మేలు.

5. వానకాలపు రోగములు

తొలకరి వానలతో గురకవ్యాధి వచ్చును. రాత్రి మేసిన పశువు తెల్లవారునప్పటికి తీవ్రజ్వరముతో, గొంతు వాచి, గురకపెట్టుచుండును. ఒకటి రెండు దినములలోనే చచ్చును. ఆవులకంటె గేదెలకు ఈ వ్యాధి అధికముగా ప్రాణాంతకము. రోగము వచ్చిన పిదప చికిత్సకు కాలము చాలదు. వానలకు ముందే, అనగా వైశాఖ జ్యేష్ఠములలో, మందకంతకును టీకా వేయించుటయే శరణ్యము. గాలికుంటు టీకాను ఆరుమాసముల కొకసారి వేయించవలెను. గాలికుంటుచే పెద్దపశువులు సామాన్యముగా చావవుగాని, నోటిపుండ్లచే మేత మాని మాసములతరబడి చిక్కిపోవును. లేతదూడలు చచ్చుటయు కలదు.

టీకాపై కొందరికి నమ్మకము తక్కువ. వారు ముసరవ్యాధి చరిత్రను తలచుకొనవలెను. ఒకప్పుడు ఊళ్లకు ఊళ్ల పశువులను తుడిచిపెట్టిన ఆ వ్యాధి, ఎడతెగని టీకాలవలనను, నిఘావలనను మనదేశమున 1995 తరువాత కనబడలేదు. 2011లో అది ప్రపంచమంతటినుండి తొలగినట్లు ప్రకటింపబడినది.

కొత్తగా కొనిన పశువును మూడువారములు వేరుగా కట్టిన పిదపనే మందలో కలుపవలెను. సంతనుండి తెచ్చిన ఒక్క దూడ మందకంతటికిని రోగము తేవచ్చును. ఆకస్మికముగా చచ్చి, ముక్కు, గుదములనుండి గడ్డకట్టని నల్లని రక్తము కారిన పశువును దొమ్మవ్యాధిచే చచ్చినదిగా అనుమానింపవలెను. దానిని కోయరాదు, తోలు ఒలువరాదు. ఆ రోగము మనుష్యులకును సోకును. పశువైద్యునికి తెలిపి, ఆరడుగుల లోతున సున్నము చల్లి పాతిపెట్టవలెను.

6. ప్రతిదినపు చూపు

పైన చెప్పిన వానికన్నింటికిని మూలము ఒక్కటే. రైతు ప్రతి ఉదయము మంద దొడ్డి వెడలుటకు ముందు గడియసేపు నిలిచి చూడవలెను. ఏ దూడ వెనుకబడినది, ఏది గాడియందు మేత మిగిల్చినది, ఏది నెమరువేయుట మానినది, దేని పేడ పలుచనైనది, దేనికి పేలు పట్టినవి—ఇవి కంటితోనే తెలియును. ఈ పనిని జీతగానికి వదలినచో అతడు చచ్చిన దూడను గూర్చియే చెప్పగలడు, చావబోవు దూడను గూర్చి చెప్పలేడు.

మాసమునకొకమారు కొలతయు తీయవలెను. ముందుకాళ్ల వెనుక ఛాతీ చుట్టుకొలతను, భుజపుమొననుండి పిరుదుమొనవరకు పొడవును అంగుళములలో కొలిచి, చుట్టుకొలతను దానితోనే హెచ్చించి, మరల పొడవుతో హెచ్చించి, 660చే భాగించినచో బరువు సుమారు కిలోలలో వచ్చును. చుట్టుకొలత 55, పొడవు 48 అంగుళములైనచో బరువు 220 కిలోలు. వరుసగా రెండుమాసములు బరువు పెరుగని దూడకు రోగమో, మేతకొరతయో ఉన్నట్లు గ్రహింపవలెను. బాగుగా ఎదిగిన పశువు పెరుగుదల మందగించినచో, తినుచున్న మేతకు తగిన ప్రతిఫలము రాదని తెలిసికొని అమ్మకము ఆలోచింపవలెను.

7. అమ్మకము

సంతలో దళారి పశువు వెన్నుపై చేయివైచి, కంటి అంచనాతో వెల కట్టును. కొలత తెలిసిన రైతు అచ్చట మోసపోడు. చట్టమును కూడ గుర్తుంచుకొనవలెను. తెలుగు రాష్ట్రములలో 1977 నాటి చట్టముప్రకారము ఆవులను, ఆవుదూడలను, గేదెదూడలను వధించుట నిషిద్ధము. ఎదిగిన దున్నపోతుకు సైతము అధికారి ధ్రువపత్రము ఉండవలెను. కావున దూడను తొందరపడి అమ్మక, పూర్తిగా ఎదిగిన పిదపనే అమ్ముట చట్టమునకును, లాభమునకును అనుకూలము.

జున్నుపాలు, పదియవనాటి మందు, వానలకు ముందు టీకా, ప్రతి ఉదయపు చూపు—ఈ నాలుగింటికిని కావలసిన ధనము స్వల్పము, శ్రద్ధయే అధికము. వీనిని తప్పక పాటించు రైతుయింట దున్నదూడ పుట్టుటయు లాభమే యగును.