ఒర మీద పువ్వు

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఆ సామెతలో కూడా పెత్తనం కత్తులదే, ఒరను పట్టించుకునేవారు లేరు. కత్తుల పేరు అంత పెద్దది మరి. నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం అనే ఊరుంది. అక్కడి ఉక్కు ముద్దల కోసం ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వర్తకులు వచ్చేవారని భూగర్భ శాస్త్రజ్ఞుడు హెన్రీ వాయ్‌సే రాశాడు. ఆయన చనిపోయాక, 1832లో ఆ రాత అచ్చయింది. డమాస్కస్ కత్తులన్న పేరు వెనుక ఉన్నది ఇలాంటి దక్షిణాది ఉక్కే. అంత పేరున్న కత్తి అయినా, తాటిచెట్టెక్కే గీత కార్మికుడి నడుముకు వేలాడే కత్తి అయినా, పని అయ్యాక ఒరలోకి పోవాల్సిందే. ఆ ఒరను కుట్టి, దాని మీద గీతలూ పువ్వులూ వేసిన పనిముట్లు చేతిలో ఇమిడిపోయేంత చిన్నవి. వాటి చరిత్ర మాత్రం ఉక్కు కత్తి కంటే చాలా పాతది.

అన్నిటికీ మూలపుటమ్మ ఆరె. చెక్క పిడి, దానికి మొనదేలిన ఇనుప పుల్ల, అంతే దాని రూపం. చెప్పు కుట్టేవాళ్ల దగ్గర రంపె పక్కనే ఉంటుంది. రంపె తోలును కోస్తుంది, ఆరె తూట్లు పొడుస్తుంది. సంస్కృతంలో దీని పేరు ఆరా. ఋగ్వేదం ఆరో మండలంలో పూషుడనే దేవుడి చేతిలో కనిపిస్తుంది. ఇంగ్లీషు వాళ్ల ఆల్, జర్మన్ల ఆలె దీనికి దగ్గరి చుట్టాలు. అయితే పేరు కంటే వస్తువు ఎంతో ముందుది. దక్షిణాఫ్రికాలోని బ్లోంబోస్ గుహలో దాదాపు 70 వేల ఏళ్ల నాటి ఎముక ఆరెలు దొరికాయి. మన కర్నూలు సీమలో, బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో 1880లలో భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు తవ్వి తీసిన ఎముక పనిముట్ల జాబితాలోనూ ఆరెలున్నాయి.

కన్నమున్న సూది దీనికి చాలా వెనుక పుట్టింది. అన్నిటికంటే పాత సూదులు సైబీరియా వైపు దొరికాయి, వాటి వయసు దాదాపు 40 వేల ఏళ్లు. ఒంటికి తోలు చుట్టుకుని చలి కాచుకోవడానికి ఆరె చాలు. తూటు పొడిచి, నరాన్ని దూర్చి లాగితే కుట్టు పడుతుంది. మరి సూది ఎందుకు వచ్చింది? బట్టల మీద పూసలూ అలంకారాలూ కుట్టుకోవడానికే అయి ఉండొచ్చని 2024లో సిడ్నీ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞుడు ఇయాన్ గిల్లిగన్ బృందం ప్రతిపాదించింది. నాకు ఈ ఊహ బాగా నచ్చింది. కడుపు నిండాక పుట్టే సరదా అనుకునే అలంకారం ఒక కొత్త పనిముట్టునే కనిపెట్టించిందన్నమాట.

ఇంత సన్న పుల్ల అంత మందం తోలులో ఎలా దిగుతుంది? మొన వైశాల్యం చదరపు మిల్లీమీటరులో పదో వంతు అనుకుందాం. దాని మీద 5 కిలోల బరువుతో అదిమితే, లెక్కకు చదరపు సెంటీమీటరుకు 5 వేల కిలోల ఒత్తిడి. తోలు తాళలేదు, దారి ఇస్తుంది. మంచి ఆరె మొన గుండ్రంగా ఉండదు, అడ్డంగా కోసి చూస్తే డైమండ్ ఆకారంలో ఉంటుంది. గుండ్రటి మొన పోగులను పక్కకు నెట్టుతుంది, డైమండ్ మొన సన్నటి చీలిక చేస్తుంది. దారం లాగి బిగించగానే ఆ చీలిక మూసుకుని దారాన్ని పట్టేస్తుంది. చీలికలను ఏటవాలుగా పొడుస్తారు. ఒకే గీత మీద తల-తోక కలిసేట్టు పొడిస్తే, తపాలా బిళ్లల మధ్య చిల్లుల్లా తోలు అక్కడే చిరుగుతుంది. ఒర కుట్టులో ఇంకో చిక్కుంది. కత్తి లోపలికి పోయేటప్పుడు పదును దారాన్నే కోసేస్తుంది. అందుకని రెండు పొరల మధ్య, పదును వైపు, ఇంకో సన్న తోలు పట్టీ పెట్టి కుడతారు. కత్తి ఆ పట్టీని తాకుతుంది, దారం జోలికి పోదు.

కుట్టు సూటిగా రావాలంటే ముందు గీత గీయాలి. తూట్లు సమాన దూరంలో పడాలంటే చుక్కలు పెట్టుకోవాలి. ఒర మీది అలంకారం ఇక్కడే మొదలైందని నా నమ్మకం. కుట్టు కోసం గీసిన గీత పక్కన ఇంకో గీత, చుక్కల వరస పక్కన ఇంకో వరస. గీత గీసే పనిముట్టు కొమ్ము ముక్కో, నున్నగా అరగదీసిన ఎముకో కావచ్చు. చుక్కకు ఆరె మొనే చాలు, పొడవకుండా అదమాలి.

పొడవడానికీ అదమడానికీ తేడా ఏమిటో తెలియాలంటే తోలు దగ్గరికి పోవాలి. అక్కడ మనకు తంగేడు ఎదురవుతుంది. బతుకమ్మలో పేర్చుకునే తంగేడు పువ్వు తెలంగాణ రాష్ట్ర పుష్పం. ఆ మొక్క చెక్కే మాదిగ వృత్తికారుల లందలో, అంటే తోలు ఊరబెట్టే తొట్టిలో, తోలును పదును చేసింది. పచ్చి తోలులో కొల్లాజెన్ అనే ప్రోటీను పోగులుంటాయి. వదిలేస్తే కుళ్లుతాయి, ఎండితే రేకులా బిగుసుకుంటాయి. తంగేడు చెక్కలోని, కరక్కాయలోని టానిన్లు ఆ పోగులను పట్టుకుని కుళ్లకుండా కాపాడతాయి. ఇలా పదును చేసిన తోలును తడిపితే నీరు పోగుల మధ్యకు చేరి వాటి మధ్య బంధాలను సడలిస్తుంది. అప్పుడు అదిమితే పోగులు జరిగి, దగ్గరై, అణిగిపోతాయి. నీరు ఆరాక బంధాలు మళ్లీ కుదురుకుంటాయి, కానీ కొత్త చోట. వేసిన గుర్తు అక్కడే నిలుస్తుంది.

క్రోమియం లవణాలతో పదును చేసిన తోలు అలా కాదు. నేడు ప్రపంచంలో తయారయ్యే తోలులో ఎక్కువ భాగం ఇదే. మెత్తగా, సాగుతూ ఉంటుంది, మరిగే నీటికి కూడా తాళుతుంది, కానీ అదిమిన గుర్తు త్వరగా చెరిగిపోతుంది. తంగేడు చెక్కతో పదును చేసిన తోలు మరిగే నీటిలో వేస్తే ముడుచుకుపోతుంది. గుర్తు మాత్రం ఏళ్ల తరబడి మోస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లోని నిమ్మలకుంట ఊరి తోలుబొమ్మల వాళ్లది ఇంకో దారి. వాళ్లకు వెలుతురు దాటే తోలు కావాలి, కాబట్టి మేక చర్మాన్ని టానిన్లతో పదును చేయరు. దాని మీద ఒత్తిన గుర్తు నిలవదు. అందుకే చిన్న చిన్న ఉలులతో చిల్లులు కొట్టి నగలూ చీర అంచులూ తీరుస్తారు. ఆ కళకే ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఏ పనిముట్టు ఎత్తాలో మొదట తోలే చెప్తుంది.

కావాలంటే ఇంట్లోనే చూడండి. చెక్క పదును తోలు ముక్క, 3 మిల్లీమీటర్ల మందం ఉంటే మేలు. ఒక పెద్ద మేకు మొన కోసేసి, ఆ కొసను ఆకురాయితో చదును చేయండి. దాని మీద అడ్డంగా నిలువుగా రెండు గాట్లు పెడితే నాలుగు రేకుల పువ్వు అచ్చు తయారు. తోలును తడి గుడ్డతో తడిపి ఆగండి. నల్లబడ్డ రంగు తిరిగి తేలే వేళకు అదను వచ్చినట్టు. మరీ తడిగా కొడితే అంచులు ఉబ్బి బురదలో వేలు పెట్టినట్టుంటుంది, మరీ ఎండితే గుర్తే పడదు. రాయి మీద ముక్క పరచి, మేకును నిట్టనిలువుగా పట్టి, చెక్క సుత్తితో ఒకే దెబ్బ వేయండి. రెండో దెబ్బ వేస్తే పువ్వుకు నీడ పడుతుంది.

మేకు తుప్పు పట్టి ఉంటే పువ్వు చుట్టూ నీలి నలుపు మరక వస్తుంది. ఇనుమూ టానినూ కలిసి చేసే నలుపు అది. కరక్కాయ పట్టించిన బట్ట మీద శ్రీకాళహస్తి కలంకారీ చిత్రకారులు ఇనుప ముక్కలు, బెల్లం ఊరేసిన నీటితో నల్ల గీత తీసేది ఈ రసాయనంతోనే. ఒర వద్దకు వచ్చేసరికి అదే మరక అవుతుంది, కాబట్టి తడి తోలు మీద ఇత్తడి, కొమ్ము, చెక్క అచ్చులు నయం.

మళ్లీ ఆరె దగ్గరికి వస్తే, ఆ మొనదేలిన పుల్లతో దెబ్బ తగిలిన వారూ ఉన్నారు. ఫ్రాన్సులో కూప్వ్రే అనే ఊళ్లో గుర్రపు జీనులు కుట్టే ఒకతని కొడుకు, 1812లో, మూడేళ్ల వయసులో, నాన్న పనిముట్టుతో ఆడుకుంటూ కంట్లో పొడుచుకున్నాడు. రెండో కంటికీ ఇన్ఫెక్షన్ పాకి చూపు పోయింది. ఆ పిల్లాడు లూయీ బ్రెయిలీ. చూపులేనివాళ్లు వేళ్లతో చదివే ఆయన లిపి 1829లో అచ్చయింది. ఆ లిపిని చేత్తో రాసేందుకు నేటికీ వాడే పుల్ల చూడటానికి చిన్న ఆరెలాగే ఉంటుంది. కాగితం వెనుక నుంచి నొక్కితే ముందు వైపు చుక్క ఉబుకుతుంది. ఒర మీద పువ్వు ఉబికేలా లోపలి నుంచి అదిమే పద్ధతి కూడా ఇదే.

ఒర అలంకారం అయ్యాక నీడలో ఆరబెట్టాలి. ఎండలో, పొయ్యి దగ్గర ఆరబెడితే తోలు బిరుసెక్కుతుంది. పూర్తిగా ఆరేదాకా కత్తి లోపల పెట్టకూడదు. తడి టానిన్ల ఆమ్లగుణానికి రాత్రికి రాత్రే అలుగు మీద మచ్చలు తేలతాయి. ఏళ్లపాటు దాచే కత్తికైతే తోలు లోపల చెక్క ఒర ఉండటం మంచిది. ఆరిన తోలుకు పలుచగా నూనె రాస్తే రంగు ముదిరి, మేకు మీద మీరు కోసిన ఆ రెండు గాట్లు నాలుగు రేకులై తేటగా కనబడతాయి.