పొగ తిప్పే చక్రం

జీడిమెట్ల పారిశ్రామికవాడలో బరువుతో కదిలే లారీ నుంచి సన్నని ఈల లాంటి చప్పుడు ఎప్పుడైనా విన్నారా? అది టర్బోఛార్జరుది!

సిలిండరులో ఎంత గాలి ఉంటే అంత డీజిలే చక్కగా మండుతుంది. మరి బలం పెరగాలంటే? గాలిని కూరి పంపాలి. ఆ పనికి, ఊరికే బయటికి పోయే వేడి పొగనే వాడుకుంటారు. పొగ ఒక చిన్న చక్రాన్ని నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిప్పగలదు. అదే ఇరుసుకు రెండో కొసనున్న చక్రం గాలిని నొక్కి లోపలికి తోస్తుంది.

స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి 1905లోనే దీనికి పేటెంటు పొందాడు. డీజిలు కారంటే మొద్దు బండి అనుకునే రోజుల్లో, 1978లో, మెర్సిడెస్ బెంజ్ 300 ఎస్‌డి అనే ఖరీదైన కారు ఐదు సిలిండర్ల టర్బో డీజిలు ఇంజనుతో వచ్చింది.

అనుభవమున్న డ్రైవరు చాలాదూరం నడిపిన బండిని ఆపగానే ఇంజను కట్టెయ్యడు. ఇంజనుతోపాటే ఆయిల్ సరఫరా ఆగిపోతుంది. కాగిపోయిన ఆ చక్రం మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది!