ఇసుక పోసే చిలుక చేప

ఇసుక అనగానే మనకు ఏరు గుర్తుకొస్తుంది. గోదావరికి వరద వస్తే మేటలు వేస్తుంది, నీరు తీస్తే బళ్లకు, లారీలకు ఎక్కుతుంది. మరి ఏరూ వాగూ లేని దీవుల్లో ఇసుక ఎక్కడిది? అరేబియా సముద్రంలోని లక్షదీవుల్లో గాని, వాటికి దక్షిణాన ఉన్న మాల్దీవుల్లో గాని నది అన్నదే లేదు. అయినా ఒడ్డు పొడుగునా పంచదార పోసినట్లు తెల్లని ఇసుకే. అందులో మంచి వాటా ఒక చేప పేగుల్లోంచి వచ్చిందంటే నమ్మబుద్ధి కాదు.

దాని పేరు చిలుక చేప. వెచ్చని సముద్రాల్లో, పగడపు దిబ్బల దగ్గర బతుకుతుంది. మన తీరాన అలాంటి పెద్ద దిబ్బలు లేవు. కృష్ణ, గోదావరి తెచ్చే ఒండ్రు నీటిలో పగడం పెరగదు. దానికి తేటనీరు కావాలి.

చిలుక చేపల్లో వంద దాకా రకాలున్నాయి. పై పళ్లు, కింది పళ్లు దేనికవి అతుక్కుపోయి అచ్చం చిలుక ముక్కులా ఉంటాయి. పెద్ద పెద్ద పొలుసులు. ఆకుపచ్చ, నీలం, గులాబి రంగులు కలిసి తిరునాళ్ల బొమ్మలా ముచ్చటగా ఉంటుంది. చాలా రకాలు మూరెడుకు అటూ ఇటూ పెరుగుతాయి. నెత్తిన బొడిపె ఉండే రకం మాత్రం నాలుగడుగుల పొడుగు, 40 కిలోల బరువు దాకా ఎదుగుతుంది. ఈత కూడా వింతే. తోకను అంతగా ఆడించకుండా, పక్క రెక్కలను పక్షిలా కొట్టుకుంటూ పోతుంది.

గొంతులో తిరగలి

పగలంతా దీనికి మేతే పని. పగడపు రాతిని పట్టుకున్న నాచు, సూక్ష్మజీవులు దీని ఆహారం. వాటి కోసం రాయినే కొరుకుతుంది. నీటిలో మునిగినవారికి ఆ కొరుకుడు చప్పుడు వినిపిస్తుంది కూడా. ముక్కు అరిగినకొద్దీ కొత్త పళ్లు ముందుకు వస్తాయి. గొంతులో ఉన్న మరో జత పళ్ల పలకలు తిరగలిలా రాతిని పిండి చేస్తాయి. ఈ చేపకు జీర్ణాశయం లేదు. పిండి పేగుల గుండా పోయి ఇసుకగా బయట పడుతుంది. బొడిపె చేప ఒక్కటి ఏడాదికి 5 టన్నులకు పైగా రాతిని మింగుతుందని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. మాల్దీవుల్లోని వక్కారు దీవి చుట్టూ కొత్తగా తయారయ్యే ఇసుకలో నూటికి 85 వంతులకు పైగా చిలుక చేపలదేనని 2015లో తేలింది.

చాలా రకాల్లో పిల్లలు మొదట ఆడవిగా, మాసిన రంగుతో ఉంటాయి. గుంపుకు పెద్దగా ఉన్న మగ చేప పోతే, ఆడవాటిలో పెద్దది మగదిగా మారి రంగులు తొడుక్కుంటుంది. పూర్వం వీటిని వేర్వేరు చేపలనుకుని వేర్వేరు పేర్లు పెట్టినవారూ ఉన్నారు.

రాత్రి నిద్రే ముప్పు

చీకటి పడితే రాళ్ల సందున చేరుతుంది. కొన్ని రకాలు నోటి నుంచి జిగురు వదిలి ఒళ్లంతా పల్చని పొర కప్పుకుంటాయి. అది దోమతెర వంటిదేనని ఆస్ట్రేలియాలో జరిగిన పరిశోధన 2010లో తేల్చింది. పొర తీసేసిన చేపలను నూటికి 94 వంతున రక్తం పీల్చే పురుగులు పట్టాయి, పొర ఉన్నవాటిని పదింటిని మాత్రమే.

పురుగుల నుంచి కాచే తెర మనిషిని మాత్రం ఆపలేదు. ఫిజీ, సాలమన్ దీవుల్లో బొడిపె చేపలు లోతు లేని చోట గుంపుగా నిద్రపోతుండగా టార్చిలైటు వేసి ఈటెలతో పొడిచారు. ఒక్క రాత్రిలో గుంపుకు గుంపు పోయేది. ఇప్పుడు అక్కడ చాలా చోట్ల అవి అరుదైపోయాయి.

ఈ చేప పోతే ఇసుకతో ఆగదు. మేసేవాళ్లు లేక నాచు పెరిగి పగడాలను కమ్మేస్తుంది. లక్షదీవుల పగడాలు 1998, 2010, 2016లలో సముద్రం వేడెక్కి తెల్లబారి ఇప్పటికే దెబ్బ తిన్నాయి. అక్కడి జాలరులు పూర్వం నుంచి గాలంతో ట్యూనా చేపనే ఎక్కువగా పడుతూ వచ్చారు గనుక దిబ్బల చేపలు మిగిలాయి. ఇటీవల వాటికీ బయట గిరాకీ పెరిగింది. ఆ దీవులు సముద్రమట్టానికి కొద్ది అడుగుల ఎత్తులోనే ఉన్నాయి. బంగారం దీవి పక్కనున్న పరలి-1 అనే చిన్న తిప్ప కోతకు పూర్తిగా మాయమైందని 2017లో వెల్లడైంది.

మధ్య అమెరికాలోని బెలీజ్ దేశం 2009లోనే చిలుక చేపల వేటను నిషేధించింది. ఏ చేపనైనా ముక్కలు కోసి ఒడ్డుకు తెస్తే, రకం గుర్తుపట్టేందుకు ముక్క మీద కాస్త చర్మం ఉంచి తీరాలని అక్కడి నిబంధన.