ట్రాక్టరు గేరు ఎలక్ట్రానిక్ పరికరములు – అపాయము లేకుండ పరీక్షించు విధము

వరికోతల రోజులలో ట్రాక్టరు పొలముగట్టున నిలిచిపోయినచో రైతు పడు ఆందోళన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల రైతు సోదరులకు చెప్పనక్కరలేదు. ఆ తొందరలో స్క్రూడ్రైవరుతో తీగలు కలిపి చూచుట ప్రాణాపాయకరము.

50 అశ్వశక్తికి మించిన కొత్త ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుండి కొత్త పొగ నియమములు అమలులోనికి వచ్చినవి. అందువలన ఇంజనులలో ఎలక్ట్రానిక్ కంట్రోలు పెట్టెల వాడకము పెరిగినది. కొన్ని ట్రాక్టర్లలో గేరు కూడ ఇట్లే పనిచేయును. మీట కదల్చగనే పెట్టెకు సంకేతము అందును. పెట్టె సోలినాయిడు అను తీగచుట్టకు కరెంటు పంపును. దానితో వాల్వు తెరచుకొని, నూనె ఒత్తిడి క్లచ్చి పలకలను బిగించును. ఆటోమేటిక్ గేరు కార్లలోను పద్ధతి ఇంచుమించు ఇదియే. కావున ఇంజను నడుచుచుండగా ఆ తీగకు పొరపాటున కరెంటు తగిలినచో బండి తనంత తానే కదలవచ్చును.

గేరులో నున్నప్పుడు స్టార్టరు తిరుగకుండ ఆపు స్విచ్చి ఒకటి చాల ట్రాక్టర్లలో ఉండును. దానిని తప్పించి, నేలమీద నిలిచి స్టార్టరు బోల్టులను పానాతో కలుపరాదు. బండి గేరులో నున్నచో పెద్ద చక్రము మనిషి మీదికే ఎక్కును.

పరీక్షించు క్రమము:

1. బండిని చదునైన నేలపై నిలిపి, గేరు న్యూట్రలులో ఉంచి, హాండుబ్రేకు వేయవలెను. పనిముట్టును నేలకు దించి, చక్రములకు ముందువెనుకల దిమ్మెలు పెట్టవలెను. తాళపుచెవి పరీక్షించువాని జేబులోనే ఉండవలెను.

2. మొదట బ్యాటరీని చూడవలెను. ఇంజను ఆపి కొంతసేపైన పిదప, నిండుగా చార్జి అయిన బ్యాటరీకి మల్టీమీటరు సుమారు 12.6 వోల్టులు చూపును. 12కు తగ్గినచో చార్జి చేయించవలెను. బ్యాటరీ వాయువు మండును గనుక దగ్గర బీడీ కాల్చరాదు.

3. పిదప ఫ్యూజులు, ఎర్తు తీగ చూడవలెను. కాలిన ఫ్యూజుకు బదులు అదే ఆంపియరుది వేయవలెనుగాని రాగితీగ చుట్టరాదు. తుప్పు, బురద, ఎలుకలు కొరికిన తీగలు – పెక్కు లోపములు ఇచ్చటనే దొరకును.

4. సోలినాయిడును కొలుచుటకు ముందు బ్యాటరీ నెగెటివు తీగను విప్పవలెను. పాజిటివు ముందు విప్పినచో పానా బండి ఇనుమునకు తగిలి నిప్పురవ్వలు లేచును. ప్లగ్గు ఊడదీసి, మీటరును ఓములపై ఉంచి కొలిచి, కంపెనీ పుస్తకములోని అంకెతో పోల్చవలెను.

5. పెట్టె తీగలను టెస్టు బల్బుతో పరీక్షించరాదు. బల్బు లాగు కరెంటును సన్నని సర్క్యూటు భరింపలేక పెట్టె కాలిపోవచ్చును. మీటరు లాగు కరెంటు అత్యల్పము.

ట్రాలీ కొక్కెమునకో, బండికో వెల్డింగు చేయించునప్పుడు బ్యాటరీ తీగలను, పెట్టె ప్లగ్గులను ముందుగా ఊడదీయవలెను.

ఇవన్నియు సరిగా ఉన్న పిదపనే పెట్టెను అనుమానించి, తెలిసిన మెకానిక్కుకు చూపవలెను. విస్తరణాధికారులు, గ్రామ పెద్దలు రైతువేదికలలో ఈ విషయమును, ముఖ్యముగ ట్రాక్టరు నడుపు యువకులకు తెలుపుదురుగాక. ఒకపూట ఆగిన కోత మరునాడు సాగును. పోయిన ప్రాణము తిరిగి రాదు.