పిల్లికి పెట్టు పొట్లపుటాహారము: వెనుక వ్రాత చదువుట యెట్లు?

పసిబిడ్డకు ఏది పెట్టవలెనో, జ్వరమునుండి లేచినవారికి ఏది పథ్యమో, ఏకాదశినాడు అత్తగారికి ఏమి సిద్ధము చేయవలెనో మనకు ఎవరును నేర్పనక్కఱలేదు. కాని గడపయొద్ద ముడుచుకొని పరుండు పిల్లికి ఏమి పెట్టవలెనని అడిగినచో, మనలో పలువురము "పాలన్నమో, పెరుగన్నమో" అని తడుముకొనక చెప్పుదుము. మేమును అట్లే చెప్పినవారమే. ఆ మాటకు మా యింటి పిల్లి చెల్లించిన మూల్యమును తెలుపుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

మాది నాగర్‌కర్నూలు జిల్లాలోని లింగాల. నల్లమల యడవి చేరువనున్న యూరు. మావారు ఉపాధ్యాయులు. మా యింటిలో ధాన్యపు బస్తాలకంటె పుస్తకములే యెక్కువ. ఎలుకలకు రెండును సమానమే. అందుచేత కొన్నేండ్ల క్రిందట ఒక పిల్లికూనను తెచ్చి పెంచితిమి. పిల్లలు దానికి చిట్టి యని పేరు పెట్టిరి. మా యింట మాంసము వండుట లేదు గనుక దానికిని మా పెరుగన్నమే. మొదట ఎలుకలను పట్టి తినుచుండుటచే దానికి కలుగుచున్న లోటు మాకు తెలియలేదు. ఒకనాడు వీథికుక్కలు తఱిమి గాయపఱచిన పిమ్మట దానిని ఇల్లు కదలనీయలేదు. ఎలుకలును తగ్గినవి. ఏడాదిన్నర గడచునప్పటికి దాని బొచ్చు కాంతి తప్పినది. సందెవేళ ద్వారబంధమునకు తగుల్కొనసాగినది. గోడమీదికి దూకబోయి క్రిందపడినది. "సోమరియైనది" అని మేము నవ్వుకొంటిమి.

అచ్చంపేటలోని పశువైద్యులకు చూపగా, వారు దాని కన్నులలోనికి దీపము వేసి చూచి, "అమ్మా, దీనికేమి పెట్టుచున్నారు?" అని అడిగిరి. చెప్పితిమి. వారు కోపపడలేదు. "పెరుగన్నము మీకు మంచిదే గాని దీనికి చాలదు. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నది నిలువవలెనన్న నేటినుండియే ఆహారము మార్పుడు" అనిరి.

హితోపదేశమున జరద్గవమను ముసలి గ్రద్దయొద్దకు దీర్ఘకర్ణమను పిల్లి వచ్చిన కథ మీరు వినియే యుందురు. తాను మాంసము విడిచి చాంద్రాయణవ్రతము సలుపుచున్నానని నమ్మబలికి, చెట్టుపై చేరి, పక్షికూనలను భక్షించిన పిల్లి యది. ఆ కథ చదివినపుడెల్ల పిల్లి కపటమును నిందించితిమి. ఆ దినమున త్రోవ పొడుగునను మాకొకటే తోచినది: దీర్ఘకర్ణము వ్రతమును నటించినది, మేము చిట్టిచేత నిజముగనే చేయించితిమి.

పిల్లి పులిజాతిది. మాకు చేరువనున్న అమ్రాబాదు అభయారణ్యములోని పులికివలెనే, మా వసారాలోని చిట్టికిని ప్రకృతి విధించిన ఆహారము మాంసమే. దాని శరీరము కొన్ని పదార్థములను తాను చాలినంత తయారు చేసికొనలేదు. అందు ముఖ్యమైనది టౌరిన్. ఇది మాంసమునందును, చేపలయందును, అందులోను గుండెకాయవంటి అవయవములయందును హెచ్చుగా నుండును. ధాన్యములలోను, కూరగాయలలోను దాదాపు ఉండదు. టౌరిన్ లేమిచే పిల్లి కంటిలోపలి పొర క్షీణించునని 1975వ సంవత్సరమున వెల్లడియైనది. 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన డేవిస్ శాస్త్రజ్ఞులు ఆ లోటే గుండెను పెంచి బలహీనపఱచునని కనుగొనిరి. ఆ పిల్లులు తినినది పెరుగన్నము కాదు, అంగడిలో కొన్న పిల్లి ఆహారమే! ఆ పిమ్మటనే తయారుచేయువారు టౌరిన్ పాలును హెచ్చించిరి. కావున పొట్లము కొన్నంతమాత్రమున మన బాధ్యత తీరదు, అందేమున్నదో చదువవలెను.

మేము మొదట ఆ పనియు చేయలేదు. ఒక అంగడివాడు పెద్ద బస్తా విప్పి, కిలో చొప్పున తూచి పల్చని సంచిలో పోసియిచ్చినది తెచ్చితిమి. ఇంటికి వచ్చి చూడగా దానిమీద పేరు లేదు, తేదీ లేదు, అది పిల్లిదో కుక్కదో చెప్పు వ్రాత లేదు. విడిగా తూచియిచ్చునది ఎంత చవుకయైనను కొనవలదని మా మొదటి మనవి. బస్తా విప్పిన నాటినుండియే అందలి క్రొవ్వు గాలికిని వేడికిని చెడసాగును. మనదేశములో 2006నాటి ఆహార భద్రత, ప్రమాణముల చట్టము మనుష్యుల ఆహారమునకే గాని పశువుల మేతకు వర్తింపదు. 2011నాటి తూనికలు కొలతల నియమములచే మూటగట్టి యమ్ము సరకుమీద తయారుచేసినవారి పేరు, చిరునామా, నికర తూకము, నెల, సంవత్సరము, ధర ఉండవలెను. ఇవి లేనిదానిని ఇంటికి తేరాదు.

ఇప్పుడు ఇట్టి పొట్లములు మనకు దూరపు వస్తువులు కావు. మన రాష్ట్రమున సిద్దిపేట జిల్లాలోనే మార్స్ సంస్థవారి పెంపుడు జంతువుల ఆహారపు కర్మాగారము పనిచేయుచున్నది, దానిని రూ. 800 కోట్లతో విస్తరింతుమని 2023లో ప్రకటించిరి. థాయిలాండునుండియు పొట్లములు దిగుమతి యగుచున్నవి. ఎవరు చేసినదైనను చదువు పద్ధతి యొక్కటే.

పొట్లము ముందువైపు బొమ్మలు మన కొఱకు. వెనుకవైపు చిన్న యక్షరములు పిల్లి కొఱకు. ముందు పచ్చబఠాణీలు, క్యారెట్లు, నవ్వుచున్న పిల్లి కనబడును. పిల్లి క్యారెట్టునుండి ఏ విటమినును తయారు చేసికొనలేదు. అది మాంసమునుండి, అందులోను కాలేయమునుండి సిద్ధముగనే రావలెను. తీపి రుచియే దానికి తెలియదని 2005లో తేలినది. కావున ఆ బొమ్మలు దీర్ఘకర్ణుని వ్రతమువంటివి. పొట్లమును త్రిప్పి ఈ విషయములను చూడుడు.

మొదట, అది "కంప్లీట్" ఆహారమా, "కాంప్లిమెంటరీ" ఆహారమా యనునది. మొదటిది యొక్కటే పెట్టినను పిల్లికి చాలును. రెండవది మన ఊరగాయవంటిది. నంజుకొనుటకే గాని కడుపు నింపుటకు కాదు. గొట్టములలో వచ్చు చిక్కని లేహ్యములు సాధారణముగ ఈ రెండవ తెగవే.

పిదప, పదార్థముల వరుస. బరువునుబట్టి ఎక్కువదానిని ముందు వ్రాయుట పద్ధతి. మొదటి పేరు కోడి, చేప, గొఱ్ఱెవంటి జంతువుదై యుండవలెను. అయితే ఇందొక మెలకువ కలదు. పచ్చిమాంసములో మూడువంతులకు దగ్గఱగా నీరే. "చికెన్" అని మొదట వ్రాసి, తరువాత జొన్నపిండి, బియ్యపుపిండి, జొన్నసారము అని విడివిడిగ వ్రాసినచో, నీరు ఇగిరిన పిమ్మట మిగులునది ధాన్యమే కావచ్చును. "చికెన్ మీల్" అనగా నీరును, క్రొవ్వును తీసి యెండించి పొడిచేసినది. పేరు అందముగా లేకున్నను అందు సత్తువ యెక్కువ.

మూడవది, పేరులోని స్పష్టత. "కోడి కాలేయము", "సముద్రపు చేప" అని వ్రాసినవాడు తానేమి వేసినదియు చెప్పుచున్నాడు. "మాంసము, జంతు సంబంధ పదార్థములు" అని మాత్రమే వ్రాసినవాడు ఈ నెల ఒకటి, వచ్చు నెల మఱియొకటి వేయవచ్చును. "బై ప్రాడక్ట్స్" అను మాట చూచి అసహ్యపడవలదు. కాలేయము, గుండె మొదలగునవే అవి. ఎలుకను పట్టిన పిల్లి కండను మాత్రమే యేరుకొని తినునా? మనకు రోత పుట్టించునది దానికి మేలైనదై యుండవచ్చును. "చికెన్ రుచి" అనుటకును "చికెన్" అనుటకును ఉన్న భేదమును మాత్రము మఱువరాదు. రుచి యుండుటకు కోడి యుండనక్కఱలేదు.

నాలుగవది, మాంసకృత్తుల అంకె. ఇచ్చట మన యింటిలెక్క పనికివచ్చును. ఎండుగుళికల పొట్లముపై మాంసకృత్తులు 32 శాతము, తేమ 10 శాతము అనియు, తడియాహారపు పొట్లముపై మాంసకృత్తులు 8 శాతము, తేమ 82 శాతము అనియు ఉన్నవనుకొనుడు. చూడగానే మొదటిదే గొప్పదనిపించును. నీటిని తీసివేసి చూడుడు. మొదటిదానిలో నీరు పోగా మిగులునది 90 పాళ్లు. అందు 32 అనగా నూటికి సుమారు 36. రెండవదానిలో మిగులునది 18 పాళ్లు. అందు 8 అనగా నూటికి 44. అమెరికాలోని పశ్వాహార నియంత్రణాధికారుల సంఘము ఈ విధముగ నీరు తీసి లెక్కించి, పెద్ద పిల్లికి నూటికి 26, కూనలకును చూలు పిల్లులకును 30 తక్కువ కాకూడదనినది. టౌరిన్ ఎండుగుళికలలో నూటికి 0.1, డబ్బా ఆహారములో 0.2 ఉండవలెననినది. టౌరిన్ పేరు ఎచ్చటను కానరాని పొట్లమును మేము తిరిగి యిచ్చివేయుదుము.

ఈ అంకెనైనను గ్రుడ్డిగా నమ్మరాదు. పరీక్షించువారు మాంసకృత్తులను నేరుగ తూచరు. నత్రజనిని కొలిచి 6.25చే హెచ్చవేయుదురు. నత్రజని యెందునుండి వచ్చినదో ఆ లెక్క చెప్పదు. 2007లో చీనానుండి వచ్చిన గోధుమసారములో మెలమైన్ అను రసాయనమును కలిపి ఈ లెక్కను మోసగించిరి. అది చేరిన ఆహారమును తిని అమెరికాలో పిల్లులు, కుక్కలు మూత్రపిండములు చెడి చనిపోయినవి. మఱుసటి యేడు అదే మోసము చీనాలో పసిబిడ్డల పాలపొడికి ప్రాకి, ఇంచుమించు మూడులక్షల శిశువులు జబ్బుపడిరి. పిల్లి పొట్లము చదువుట వట్టి పనిలేని పని యనువారికి ఇదియే మా సమాధానము. ధాన్యసారములతోను సోయాతోను అంకెను పెంచిన పొట్లముకంటె, జంతువు పేరు స్పష్టముగా నున్న పొట్లము నమ్మదగినది.

కడపట, వలదనినవి. రంగులు పిల్లికి అక్కఱలేదు; అవి కొనువారి కంటికే. ప్రొపిలీన్ గ్లైకాల్ అను ద్రవ్యము పిల్లి రక్తకణములను చెఱచునని అమెరికావారు 1996లో పిల్లుల ఆహారమున నిషేధించిరి, కుక్కలకు అనుమతించిరి. కావున ఇంట కుక్కయున్నవారు కుక్క పొట్లమునే పిల్లికి పెట్టరాదు. అందు టౌరిన్ చాలకపోవచ్చును. ఉల్లి, వెల్లుల్లి కూడ రక్తమును చెఱచును. మాంసము వండుకొను ఇండ్లవారు మిగిలిన కూర పెట్టుదురు గాని అదియు హానియే. అన్ని పిల్లులకు పాలును పడవు. పెరిగిన పిల్లులలో పలువాటికి పాలలోని చక్కెర జీర్ణము కాదు.

సరియైన పొట్లము దొరకిన పిమ్మట ఒక్కసారిగ మార్పవలదు. వారము పదిదినములలో పాతదానిని కొంచెము కొంచెముగ తగ్గించి క్రొత్తదానిని పెంచవలెను. నాలుగు కిలోల పిల్లికి దినమునకు ఎండుగుళికలు సుమారు 60 గ్రాములు చాలును. ప్రక్కన మంచినీరు ఎల్లపుడును ఉండవలెను. ఎండుగుళికలలో తేమ స్వల్పము. నెలలో అయిపోవునంత చిన్నపొట్లమునే కొని, ఆ పొట్లముతోనే స్టీలు డబ్బాలో మూసియుంచవలెను.

మా యింట కష్టమైనది ఈ లెక్కలు కావు. "మాంసపు పొట్లము నా వంటింటి గడప దాటరాదు" అని మా అత్తగారు పట్టుబట్టిరి. వారి మాట త్రోసివేయలేము. చిట్టిని గ్రుడ్డిదానిని చేయనులేము. తుదకు వసారాలో ఒక గూడు కేటాయించి, వేఱు గిన్నె, వేఱు గరిటె పెట్టితిమి. పెట్టిన పిమ్మట చేతులు కడుగుకొని వంటింటిలోనికి పోవుదుము. ఆచారమును తప్పలేదు, ప్రాణిని మాడ్చలేదు. గృహిణి పెట్టు అన్నము తినువాని నైజమునకు తగియుండవలెను గాని, పెట్టువారి నియమమునకు మాత్రమే కాదు గదా!

ఏడాది గడచినది. చిట్టికి సందెచూపు తిరిగి రాలేదు; దీపము పెట్టక ముందే దానిని లోనికి తెత్తుము. కాని చూపు అంతకంటె తగ్గలేదు. బొచ్చు నిగనిగలాడుచున్నది. పట్టపగలు గోడ యెక్కుచున్నది. మా అత్తగారికి ఇంగ్లీషు రాదు. అయినను క్రొత్త పొట్లము వచ్చినపుడెల్ల వసారాలోని కుర్చీలోనుండియే, "వెనుకకు త్రిప్పి, మొదటి పేరేమున్నదో చదువుమమ్మా" అని వారే అడుగుచుందురు.